పన్నెండో జబ్బు

డాక్టరు పరీక్షకు కూర్చునే ప్రతివాళ్ళ ఇంటికీ కాలేజీ ఒక రోగి బొమ్మను పంపే రోజులవి. అది వంటింట్లో పీట మీద కూర్చుని రోజుకో జబ్బు తెచ్చుకునేది. సరైన మందు పడితే లేచేది, లేకపోతే ఆ రోజుకు చచ్చిపోయేది.

పదిహేనేళ్ళు నర్సుగా చేసిన నీలవేణి చేతిలో అది పదకొండుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ ఆమె అత్త తవిటమ్మ మైల అంటూ తలస్నానం చేసేది.

"మల్లీ సంపీసినావేటే? నా నెత్తి తడారడం నేదు!"

నీలవేణి శరీరధర్మం ఒకరోజు, జబ్బులు ఒకరోజు, మందులు ఒకరోజు చదివేది. బొమ్మకు మాత్రం మూడూ కలిసే వచ్చేవి.

పన్నెండో జబ్బే అసలు పరీక్ష. ఆ ఉదయం బొమ్మ ఆయాసపడుతూ లేచింది. నాడి నూట ముప్పై కొట్టుకుంటోంది. తవిటమ్మ ముందుజాగ్రత్తగా పొయ్యి మీద నీళ్ళు పెట్టేసింది.

నీలవేణి గుండెదడ తగ్గించే మాత్ర తీసింది. అప్పుడే బొమ్మ ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు వినిపించాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయి, గాలి చాలకే గుండె పరిగెడుతోంది, ఈ మాత్ర వేస్తే గొట్టాలు ఇంకా బిగుస్తాయి. మాత్ర అవతల పడేసి, పీల్చే మందు బొమ్మ నోటికి పెట్టింది.

పిల్లికూతలు ఆగాయి.

"ఆకలేస్తోంది డాక్టరుగారూ," అంది బొమ్మ. గోడ మీద కాలేజీవాళ్ళు పెట్టిన ఫలితాల తెర పచ్చగా వెలిగింది. నీలవేణి పాసయింది!

ఆనందంతో కేకపెట్టి, ఆమె పొయ్యి కట్టెయ్యబోయింది.

"ఆపకే," అంటూ తవిటమ్మ నువ్వులనూనె గిన్నె అందుకుంది. "రాయే డాక్టరమ్మా, ఇలా కూకో. ఈ నీల్లు నీకే, తలంటు పోస్తాను."