అనుకున్న పాపం

చర్చిలో ఆరాధన అయిపోయింది. హాల్లో కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, ఒక్కటి తప్ప.

"కాస్త లేస్తారా అమ్మా? అదీ సర్దేస్తాను," అన్నాడు కొత్తగా కనిపిస్తున్న ఓ నడివయసు మనిషి.

ఆ కుర్చీలో కూర్చున్న ఇల్లాలు లేవలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్పింది విన్నారుగా? మనసులో కోపం పెట్టుకున్నా హత్య చేసినట్టేనట."

"విన్నాను."

"అయితే మా అత్తగారిని నేనే చంపాను."

అతను కుర్చీల పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"ఏం చేశారు?"

"మంచాన పడిందండీ. ఓ రోజు దుప్పటి మారుస్తూ, 'ఈవిడ పోతే పీడ వదిలిపోతుంది' అనుకున్నాను. ఆ వారంలోనే పోయింది. అప్పట్నుంచీ ముద్ద దిగట్లేదు. మా ఆయన మొహం చూడలేకపోతున్నాను."

"అలా అనుకుని, దుప్పటి మార్చడం మానేశారా?"

"ఎలా మానేస్తాను? మార్చాను. పాలు కూడా తాగించాను."

"విసుక్కుంటూనా?"

"విసుక్కుంటూనే. నేను కాకపోతే ఎవరు చేస్తారు? మా ఆడపడుచా? గడప తొక్కితే కదా!"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు ఒళ్ళు మండింది.

"నవ్వులాటగా ఉందా? ఈ బరువు మోసేవాళ్ళకి తెలుస్తుంది. మీకేం తెలుసు?"

అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు తన చేతులవైపు చూసుకున్నాడు.

"అనుకోవడం వేరు, చెయ్యడం వేరమ్మా. రెండూ ఒకటి కానే కాదు."

"మరి బైబిల్లో ఆ వాక్యం తప్పంటారా?"

"తప్పని ఎందుకంటాను? కోపాన్ని మనసులోనే ఆపుకోమని చెప్పిన మాట అది. ఆపుకున్నవాళ్ళని ఉరి తియ్యమని కాదు. మీ చేతులు ఆవిడకి పాలు తాగించాయి. ఇంటికెళ్ళి అన్నం తినండి."

ఆమె భోరున ఏడ్చింది. ఏడ్చాక గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఎన్నాళ్ళకో కడుపులో ఆకలి తెలిసింది. తన కుర్చీ తనే సర్దేసి, ముఖం కడుక్కుని వచ్చేసరికి అతను లేడు.

గుమ్మంలో పాస్టరు కనబడ్డారు.

"అయ్యగారూ, కుర్చీలు సర్దిన ఆయన ఎవరండీ? ఏమీ అనుకోకండి, మీకన్నా ఆయనే బాగా చెప్పారు. థాంక్స్ అయినా చెప్పలేదు, పైగా కసురుకున్నాను."

పాస్టరు గేటువైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు.

"అతను వస్తాడని తెలిస్తే ఇవాళ ఆ ప్రసంగం చేసేవాణ్ణే కాదమ్మా," అన్నారు మెల్లగా. "కోపంలో సొంత తమ్ముణ్ణి చంపి, శిక్ష పూర్తిచేసుకుని నిన్ననే బయటికొచ్చాడు."