పచ్చరెమ్మలో గూడు

వాకిట్లో తెల్లచారల ఆకుల చెట్టొకటి ఉండేది. చారల్లేని పచ్చరెమ్మ కనిపిస్తే చాలు, చెట్టంతా పచ్చబడిపోతుందని తోటమాలి కత్తిరించేసేవాడు. అది తెలియని పిట్ట ఒకటి, పచ్చరెమ్మ ఆకుల్నే కలిపి గూడుగా కుట్టి పిల్లల్ని పెట్టింది.

కచక్ కచక్‌మంటూ కత్తెర దగ్గరకొచ్చింది. పిట్టకు పైప్రాణాలు పైనే పోయాయి.

"చెట్టుతల్లీ, నా పిల్లలు!"

"నోరు మూసుకో!" అని గదిమి, చెట్టు చారల కొమ్మ వంచి రెమ్మను కప్పేసింది. తోటమాలి తేరిపార చూసి, వెళ్లిపోయాడు.

పిల్లలకు రెక్కలొచ్చేసరికి చెట్టంతా పచ్చబడింది. చారలు ఒక్కటీ మిగల్లేదు.

"నావల్లే నీ అందం పోయింది," అని ఏడ్చింది పిట్ట.

"పోనీవే పిచ్చిదానా! ఆ కత్తెర వచ్చేది అందం కోసమే. ఇప్పుడిటు తొంగి కూడా చూడటం లేదు," అంది చెట్టు, ఒళ్లు విరుచుకుంటూ.