పదకొండు ఎర్రచుక్కలు

“ఫోను అబద్ధం చెప్పదవ్వా,” అంటూ మేనేజరు కంప్యూటరు తెరను ఈరవ్వ వైపు తిప్పాడు. “గీ ఎర్రచుక్కలు చూడు. పదకొండున్నయ్. అంటే మా సిద్దార్థ పదకొండుసార్లు నీ చేను కాడికి వచ్చిండు.”

ఈరవ్వ తెర వంక చూడనైనా లేదు. లింగంపేట అవతలి పల్లె నుంచి రెండు బస్సులు మారి కామారెడ్డిలోని ఈ విత్తనాల కంపెనీ ఆఫీసుకు వచ్చింది. ఒళ్ళో పురుగు తొలిచిన మక్కజొన్న కర్రల కట్ట ఉంది.

“ఒక్కపారి గూడ రాలేదు సారూ. కంపెనీ పిలగాడు వచ్చి ఏ మందు కొట్టాల్నో చెప్తడన్నరు. మక్క నడిమి మొగి ఎండిపోతుంటే తొవ్వ చూసుకుంట కూసున్న.”

“ఆయన చెప్పిండు, నువ్వు ఇనలేదు. అందుకే కంపెనీకి విత్తనం పండించే రైతుల లిస్టులకెళ్ళి నీ పేరు తీసేసినం.”

“ఆ ఫోన్ల ఏందో గోల్‌మాల్ ఉన్నది సారూ.”

మేనేజరు నవ్వాడు. “అది కంపెనీ ఇచ్చిన ఫోను. మనిషి ఏడికి పోతే ఆడ చుక్క పడతది. ఆ సెట్టింగుకు హైదరాబాదుల తాళం వేసిండ్రు. దాన్ని బందు పెట్టుడు సిద్దార్థతోని కాదు, నాతోని గూడ కాదు.”

తలుపు పక్కన సిద్దార్థ నిలబడి ఉన్నాడు. ఈరవ్వ అతని వైపు తిరిగింది.

“నువ్వు చెప్పు బిడ్డా. వచ్చినవా?”

అవునని అబద్ధమాడే ధైర్యం లేదు, కాదని నిజం చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. సిద్దార్థ తన బూట్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

ఈరవ్వ లేచింది. “చదువుకున్నోనివి, అబద్ధమెందుకు ఆడతవ్ తియ్. ముసల్దాన్ని, నాకే యాది లేదేమో.”

కర్రల కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె నాలుగు తిట్లు తిట్టినా సిద్దార్థ ప్రాణం ఇంత విలవిలలాడేది కాదు.

ఆ చేనుకు వెళ్ళింది అతను కాదు, అతని ఫోను. ఎల్లారెడ్డిలో అద్దె గదిలో భార్య సాయిలతకు ఏడో నెల. ఐదో నెలలోనే మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. కులం కాని పెళ్ళి చేసుకున్నారని ఇటువాళ్ళూ అటువాళ్ళూ గడప తొక్కరు. సెలవు అడిగితే సీజన్లో సెలవేమిటని మేనేజరు కసిరాడు. తాళం ఎటూ తీయలేనని తెలిసిన సిద్దార్థ, ఫోనును రోజూ పొద్దున్నే బాలమల్లు పాల ఆటో ఎక్కించాడు. ఆటో ఊరూరా, ఈరవ్వ చేను పక్క రోడ్డు మీద కూడా, ఆగి పాలు పోయించుకునేది, మ్యాపులో చుక్కలు పడేవి. అతను ఇంట్లో అన్నం వండి, సాయిలతకు తల దువ్వేవాడు. మొదట్లో తన తెలివికి తనే మురిసిపోయాడు. ఇప్పుడు ఆ తెలివిని తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

చెబితే ఉద్యోగం పోతుంది. పుట్టబోయే బిడ్డకు ముందే అన్నం గిన్నె లాగేసినట్టే. అయినా నోరు తెరిచాడు.

“సార్, అవ్వ చెప్పిందే నిజం.”

మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాడు. మేనేజరు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

“పాల ఆటోల పెట్టినవా?”

“పెట్టిన సార్.”

“ఎన్నింటికి బయల్దేరుతది?”

“ఆరింటికి.”

“మళ్ళ వచ్చేసరికి?”

“పన్నెండు దాటుతది సార్.”

“సదాశివనగర్ దిక్కు పోతదా?”

“అటు బాలమల్లు తమ్ముని ఆటో పోతది సార్.”

“ఫోను ఏడ పెడతడు? వానకు తడువదా?”

“కవరు చుట్టి ఇస్త. సీటు కింద పెడతడు.”

“ఎవ్వరితోనన్న అన్నడా?”

“లేదు సార్. మంచోడు. ఆయననేం అనకుండ్రి.”

ఒక్కో ప్రశ్నకూ సిద్దార్థ తల ఇంకాస్త కిందికి దిగింది. హైదరాబాదుకు పంపే రిపోర్టులో ఇవన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా రాస్తారనుకున్నాడు. రాయనీ, చేసిన పనికి ఆ శిక్ష తక్కువే అనిపించింది.

“నన్ను తీసేయుండ్రి సార్,” అన్నాడు. “అవ్వ పేరు మాత్రం లిస్టుల మళ్ళ రాయుండ్రి. ఇంకా బస్టాండు దాకా గూడ పోయి ఉండదు. ఉరికి పోయి తోలుకొస్త.”

“ఆగు.”

మేనేజరు జేబులోంచి తన కంపెనీ ఫోను తీసి సిద్దార్థ చేతిలో పెట్టాడు.

“రేపటి సంది దీన్ని గూడ ఆటో ఎక్కియ్యి.”