ఏనుగుల ముత్తాత దవడ

తాసిల్దారు గారికి, నా మనవరాలు లహరి చేత రాయిస్తున్నాను. నా మరిది శివరామయ్య గట్టు జరిపి నా మిరపచేనులో సగం కలుపుకున్నాడు. అది తనదేనని కోటప్పకొండ శివుడి మీద ఒట్టు కూడా వేశాడు.

ఈ మధ్య ఆ సగంలోనే రాయిగా మారిన పెద్ద దవడ బయటపడింది. ఏనుగులకు ముత్తాతలాంటి జంతువుదట. తవ్వకాలు ముగిసేదాకా అక్కడ దున్నకూడదని ఆఫీసర్లు కంచె వేశారు.

నిన్న మరిది పరుగెత్తుకొచ్చాడు. "వదినా, ఆ నేల నీదే, తీసుకో."

"ఏందిరా, శివుడి మీద ఒట్టేసి నీదన్నావుగా? నువ్వే ఉంచుకో!" అన్నాను.

అయ్యా, దవడ ఉన్నచోట మిగతా ఒళ్లూ ఉంటుంది. అతని పొలమంతా తవ్వించండి.

"రాశావటే లహరీ? ఆ దవడ నాకు వాగులో దొరికిందనీ, నేనే తెచ్చి అక్కడ పాతిపెట్టాననీ మాత్రం రాయమాకే."