లాండ్రీ వాళ్ళ పింఛను

“పంచదార డబ్బా మూత సగమే పెట్టి వదిలేసిందెవరు?” అంది భార్య.

“మూత ఉందిగా!”

“ఉంది, పక్కకు వాల్చిన టోపీలా. చీమలు దర్జాగా లోపలికి పోతున్నాయి.”

“పొద్దున్నే మూత మీద పంచాయితీ ఏమిటే?”

“లాండ్రీ మీద కోపం లాండ్రీలో చూపించుకోండి. డబ్బా ఏం చేసింది పాపం?”

కోపం నిజమే. పోయిన నెలలో అతను తన లాండ్రీ పనివాళ్ళ పింఛను పథకం మూసేశాడు. దాన్ని నడిపే కంపెనీ ఫీజు పెంచింది, కాగితాలు నింపలేక ఇతనికి తల తిరిగింది. అలాంటిదే మళ్ళీ తెరవాలంటే ఏడాది ఆగాలని మూశాక తెలిసింది.

ఈలోగా మూడు దారులున్నాయన్నాడు సలహాదారు. ఒకటి, ఎవరి పేరున వాళ్ళకు ఖాతా తెరిచి ఓనరే ఏటా కొంత వెయ్యడం. రెండు, వాళ్ళు జీతంలోంచి వేసినంత ఓనరూ కలపడం. మూడు, జీతం కాస్త పెంచి, ముసలితనం సంగతి వాళ్ళకే వదిలెయ్యడం.

అతను లాండ్రీకి వెళ్ళేసరికి అందరూ పని ఆపి కూర్చున్నారు. బట్టలు ఉతికే ఆయన మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. ఆ మోకాళ్ళు ఇంకెంతో కాలం రావని అందరికీ తెలుసు.

కాలర్ల ఇస్త్రీ చూసే పెద్దక్క లేచింది. ఓనరుతో సహా అక్కడ అందరికీ ఆవిడ పెద్దక్కే.

“ఏం తేల్చారు ఓనరుగారూ?”

“ఆలోచిస్తున్నా పెద్దక్కా.”

“నెల రోజులా! మా పాత ఇస్త్రీపెట్టె కూడా ఇంతకంటే త్వరగా వేడెక్కేది. మాకు రెండోదే కావాలి. మా వంతు మేం వేస్తాం, మీ వంతు మీరు వెయ్యండి.”

“నీకెందుకు పెద్దక్కా ఇదంతా? చూసుకోడానికి నీకు కొడుకున్నాడుగా!”

“లేకేం! ఏదడిగినా మీలాగే ‘చూద్దాం’ అంటాడు.”

లాండ్రీ అంతా ఒక్కటే నవ్వు. ఉతికే ఆయన మోకాళ్ళ సంగతి మరిచిపోయి మరీ నవ్వాడు. ఓనరుకు మాత్రం నవ్వు రాలేదు.

“ఈ రాత్రికల్లా చెప్పండి. లేకపోతే రేపు ఒక్క ఇస్త్రీపెట్టె కూడా వేడెక్కదు,” అంది పెద్దక్క.

రాత్రి ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నారు. అతను గొంతు సవరించుకుని, భార్య వైపే చూస్తూ ప్రకటించాడు.

“తేల్చేశాను. మూడోదే. జీతం కాస్త పెంచుతా, అంతే.”

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది.

“మరి ఉతికే ఆయన గతి?”

“పెంచింది దాచుకుంటాడు.”

“దాచుకోడానికి మిగలాలిగా! వాళ్ళు ఊరుకుంటారా?”

“పెద్దక్క లేందే సమ్మె లేదు. నా మీద పెద్దక్క సమ్మె చేస్తుందా? చచ్చినా చెయ్యదు. ఆవిడ మనసు నాకు తెలీదూ?”

ఎదురుగా కూర్చున్న పెద్దక్క అతని పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించి, “కడుపునిండా తిను నాన్నా, రేపు పొద్దున్నించి మీ అమ్మ సమ్మెలో ఉంటుంది” అంది.