చెవుడు నాటకం

“నాటకం సిస్టర్! మెల్లిగా పిలిస్తే పలకడు, అరిస్తే చెవులు మూసుకుంటాడు. చెవిటోడికి అరుపు గుచ్చుకుంటుందా ఎక్కడైనా?”

ఆసుపత్రిలో చెవి పరీక్ష కుర్చీలో కూర్చున్న, రాళ్లు పగలగొట్టే మిషన్ పట్టే ఇస్రార్‌ని ఫోర్‌మన్ ప్రేమ్ సాగర్ పురుగులా చూశాడు. ఎనభై అయిదులో ఒమాన్‌లోని ఈ ఇబ్రికి వచ్చినప్పటి నుంచీ, ఆ మిషన్ల పక్కనే నిలబడి ఇలాంటి పనిదొంగల్ని ఎంతమందిని చూశాడు!

నర్సు ఎస్తేరు పరీక్ష కాగితం చూపించింది. “నాటకం కాదండీ. లోపలి చెవిలో చిన్న చప్పుళ్లు పట్టే సన్నటి కణాలు మిషన్ మోతకి చచ్చిపోయాయి. పెద్ద చప్పుడైతే మాత్రం నరాలన్నీ ఒక్కసారే గగ్గోలు పెడతాయి.”

“ఏంటా గొణుగుడు? గట్టిగా చెప్పండి!”

ఆమె గొంతు పెంచింది. “మిషన్ మోతకి...”

“అబ్బా, అరవకండి!” ప్రేమ్ సాగర్ రెండు చెవులూ మూసుకున్నాడు.

ఇస్రార్‌కి మాటలు వినపడలేదు గానీ ఆ చేతులు కనపడ్డాయి. లేచి, పరీక్ష కుర్చీని ఫోర్‌మన్ వైపు జరిపాడు.