తెర మీది సముద్రం

“ఈ పిల్ల ఎవరు?”

లస్మయ్య తన ఫోన్‌ను రత్నాకర్ ముక్కు దగ్గర పెట్టాడు. ఫోటోలో రత్నాకర్ నవ్వుతున్నాడు. అతని భుజం మీద ఒకామె తల ఆనించింది. ముఖం అటువైపు ఉంది. జడ, ఎగిరే కొంగు మాత్రమే కనిపిస్తున్నాయి.

శుక్రవారం సెలవు. ఊరు కాని దేశంలో, మెసైమీర్ కార్మికుల క్యాంపులోని ఆ గదివాళ్లలో రత్నాకర్, సాయిబాబు ఇద్దరే ఉన్నారు. లస్మయ్య వేరే కంపెనీలో ఫోర్‌మన్. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఈ ఫోటో పట్టుకొని పొద్దున్నే బస్సెక్కాడు. అతని చెల్లెలు స్వర్ణ అదే నగరంలో, అల్ సద్‌లోని ఒక క్లినిక్‌లో నర్సు.

“మా స్వర్ణ అయితే చెప్పు. రేపటి ఫ్లైటుకే ఇంటికి పంపుత. మ్యానబావ పెండ్లికి తయారుగనే ఉన్నడు.”

రత్నాకర్ ఫోన్‌ను కొంచెం పక్కకు నెట్టాడు. “స్వర్ణ ఏంది లస్మన్నా? అది నాటకం ఫోటో. ఆ పిల్ల మన సాయిబాబు.”

మంచం మీద టీ తాగుతున్న సాయిబాబుకు పొలమారింది.

“గింత మీసం పెట్టుకొనా?”

“అప్పుడు తీసేసిండు. మల్ల పెంచిండు.”

“వెనుక సముద్రం కనబడ్తున్నది.”

“తెర. బొమ్మ గీయించినం.”

“కొంగు గాలికి లేస్తున్నది.”

“పక్కపొంటి ఫ్యాను పెట్టినం.”

లస్మయ్య ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. “మా ఊర్ల భాగోతంల గూడ ఆడేషం మొగోళ్లే కడ్తరు. నాకు తెల్వదా? అయితే ఇప్పుడే కట్టి చూపియ్యుండ్రి.”

సాయిబాబు రత్నాకర్ వైపు చూశాడు. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. భార్య వీడియో కాల్ చేస్తే ముందు మీసం దువ్వుకొని ఆ తర్వాత ఫోన్ ఎత్తే మనిషి సాయిబాబు. అయినా గ్లాసు కింద పెట్టి, రేజరు తీసుకొని స్నానాల గదిలోకి వెళ్ళాడు.

పావుగంటకు బయటికి వచ్చాడు. భార్యకు పంపుదామని కొన్న కొత్త చీర కట్టుకున్నాడు. నెత్తి మీద ముసుగు.

“నడువు,” అన్నాడు లస్మయ్య.

సాయిబాబు నడిచాడు.

“సిగ్గుపడు.”

సాయిబాబు కాలి బొటనవేలితో గచ్చు మీద సున్నా చుట్టాడు.

“మా ఇంట్లదానికంటె నీకే సిగ్గు మంచిగొచ్చిందిరా. ఇగ ఫోటోల సీను చెయ్యుండ్రి.”

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

“డైలాగులు మర్చిపోయిండ్రా?”

రత్నాకర్ గబుక్కున సాయిబాబు చెయ్యి పట్టుకున్నాడు. “పిల్లా, చేసుకుంటే నిన్నే చేసుకుంట. బంగారం గింగారం ఏమొద్దు. నువ్వు డ్యూటీకి పో, ఇంట్ల వంట నేను చేస్త.”

“మొగోడు వంట చేసుడేంది?” లస్మయ్య నవ్వాడు.

“పదేండ్ల సంది క్యాంపుల ఎవరు వండుతున్నరు లస్మన్నా?”

“అదీ నిజమే. కానియ్యి.”

సాయిబాబు గొంతు సన్నం చేశాడు. “నాకు ఇష్టమే. మా అన్ననే ఒప్పుకోడు.”

“ఎందుకు ఒప్పుకోడు? పిల్లను అడిగిండా?” లస్మయ్యే అందుకున్నాడు.

“అడగలే.”

“ఎసొంటి అన్నరా వాడు? వంట చేసి పెడ్తా అనేటోడు ఎక్కడ దొరుకుతడు?” లస్మయ్య మంచం అంచుకు జరిగి కూర్చున్నాడు. “ఆఖరికి ఒప్పుకుంటడా?”

“తెల్వదు,” అన్నాడు రత్నాకర్. “ఆఖరి సీను ఇంకా రాయలే. సగమే వేసినం.”

“ఒప్పుకున్నట్టు రాయి. చూసేటోళ్లకు కడుపు నిండాలె.”

లస్మయ్య ఫోన్‌లోంచి ఫోటోను తీసేసి లేచాడు. రత్నాకర్ భుజం తట్టాడు. “ఊకెనే అనుమానపడ్డ తమ్మీ, మనసుల పెట్టుకోకు. వచ్చే శుక్రవారం మా రూముకు బువ్వకు రా. స్వర్ణ గూడ వస్తది. ఆ కత దానికి గూడ చెప్పు.”

తలుపు పడింది. అడుగుల చప్పుడు మెట్లు దిగి, గేటు దాటి పోయింది. రత్నాకర్ మంచం మీద కూలబడ్డాడు.

సాయిబాబు ముసుగు తీసి, నున్నటి పై పెదవి తడుముకున్నాడు.

“మనం నాటకం ఎప్పుడేసినంరా?”